సర్టిఫికెట్ల ఫైలు ఒకవైపు, నలిగిన నోటుబుక్కు ఒకవైపు

నెల్లూరు జిల్లా మెట్ట ప్రాంతం నుంచి ఒక హైస్కూలు ప్రధానోపాధ్యాయుడు ఆరు పేజీల ఉత్తరం రాశారు. పేరు, ఊరు వేయవద్దన్నారు. ఉత్తరం సారాంశం ఇది.

ఆయన బడి స్కూల్ కాంప్లెక్స్ కేంద్రం కూడా. చుట్టుపక్కల ప్రాథమిక పాఠశాలల టీచర్లంతా సమావేశాలకు అక్కడికే వస్తారు. ఆ బడిలో చదివి బెంగళూరులోనూ విదేశాల్లోనూ స్థిరపడిన పూర్వ విద్యార్థులు కొంత డబ్బు పోగేశారు. ఏటా సెప్టెంబరు 5న కాంప్లెక్స్ పరిధిలో ఒక టీచరుకు పాతిక వేల రూపాయలు, ఒక జ్ఞాపిక ఇస్తామన్నారు. ‘ఉత్తమ టీచరు అవార్డులు చాలా ఉన్నాయి. ఉద్యోగం వచ్చాక కూడా నేర్చుకోవడం మానని టీచరుకు ఇది ఇవ్వండి’ అన్నది వాళ్ల షరతు. ఎంపిక ఈయన చేతిలో పెట్టారు. తోడుగా మరో ఇద్దరిని వేశారు.

వడపోతలో ఇద్దరు మిగిలారు. ఒకాయన ఈయనకు ప్రాణస్నేహితుడు. బీఈడీ చదివేటప్పుడు ఇద్దరూ ఒకే గదిలో ఉండి ఒకే పొయ్యి మీద వండుకు తిన్నారు. ఈయన నాన్నగారికి అర్ధరాత్రి గుండెనొప్పి వస్తే కారు మాట్లాడి నెల్లూరు ఆసుపత్రికి చేర్చింది ఆయనే. ఆయన దగ్గర నూట నలభై దాకా సర్టిఫికెట్లున్నాయి. కేంద్రం టీచర్ల శిక్షణ పథకం ‘నిష్ఠ’ మాడ్యూళ్లు, ‘దీక్ష’ వేదికలోని ఆన్‌లైన్ కోర్సులు, వెబినార్లు, రిసోర్స్ పర్సన్‌గా వెళ్లిన ఉత్తర్వులు... అన్నీ ప్లాస్టిక్ కవర్లలో పెట్టి, ఇండెక్స్ రాసి, రెండు ఫైళ్లు తెచ్చి టేబుల్ మీద పెట్టారు. ‘ఏందిరా, ఈసారి మనదేగా!’ అన్నారు. ఇంట్లో కూడా చెప్పేసుకున్నారట.

రెండో వ్యక్తి ఒక ఎస్జీటీ, అంటే ప్రాథమిక తరగతులకు చెప్పే సెకండరీ గ్రేడ్ టీచరు. ముప్పై నాలుగేళ్ల ఆవిడ. యానాది కాలనీ పక్కన ఉన్న ఏకోపాధ్యాయ పాఠశాలలో పనిచేస్తున్నారు. అక్కడ ఫోన్ సిగ్నల్ సరిగా ఉండదు. ఆన్‌లైన్ కోర్సులు సగం సగం ఆగిపోయి ఉన్నాయి. లెక్క ప్రకారం ఆవిడ శిక్షణ గంటలు కాంప్లెక్స్‌లోనే తక్కువ. అయితే ఒకరోజు ఆ బడికి వెళ్లినప్పుడు బల్ల మీద ఆవిడ నోటుబుక్కు ఈయన కంటపడింది. అడిగి ఇంటికి తెచ్చుకుని చదివారు.

అందులో మొదటి పేజీ మూడేళ్ల కిందటిది. మూడో తరగతి పాప ఒకతె పాఠం గడగడా చదువుతోంది. టీచరమ్మకు ఏదో అనుమానం వచ్చి పేజీ మీది బొమ్మను అరచేత్తో మూసింది. పాప ఆగిపోయింది. బొమ్మ చూసి కంఠతా వచ్చిన పాఠం అప్పజెబుతోందే తప్ప అక్షరాలు చదవడం లేదు. ‘ఇన్నాళ్లూ చదువుతోందనుకున్నాను’ అని కింద రాసుకున్నారు. ఆ తర్వాత ఒక పాఠాన్ని ఫోన్లో రికార్డు చేసి, ఇంటికెళ్లే బస్సులో విన్నారు. తను అడిగిన ప్రశ్నలు ముప్పై ఒకటి. అందులో ఇరవై రెండింటికి తనే జవాబు చెప్పేసుకున్నారు. ‘అడిగాక మనసులో ఐదు లెక్కపెట్టాలి’ అని ఎర్ర ఇంకుతో రాశారు. నెల తర్వాత మళ్లీ రికార్డు, మళ్లీ లెక్క. పక్క ఊళ్ల టీచర్లు ఐదుగురు ఇప్పుడు నెలకో శనివారం సాయంత్రం ఆ బడి వరండాలో కూర్చుని, ఆ నెలలో తమకు కుదరని పాఠం గురించి మాట్లాడుకుంటున్నారు.

అవార్డు మాట ఎత్తగానే ఆవిడ, ‘నాకొద్దు సార్. నా పేరు పైకొస్తే మావాళ్లు శనివారం రావడం మానేస్తారు’ అన్నారు.

‘స్నేహితుడికి ఇవ్వకపోతే ముప్పై ఏళ్ల బంధం తెగిపోతుంది. ఆవిడకు ఇస్తే సర్టిఫికెట్లు లేకుండా ఎలా ఇచ్చారని యూనియన్ వాళ్లు నిలదీస్తారు. పైగా నలుగురూ నాలుగు రకాలుగా అనుకుంటారు. వద్దన్నవాళ్లకు బలవంతంగా ఇవ్వవచ్చా? ఆగస్టు సగం అయిపోయింది. నాకు నిద్ర పట్టడం లేదు’ అని ముగించారు.

మాస్టారూ,

మీ ఉత్తరంలో రెండు ఫైళ్ల గురించి ఐదారు వాక్యాలున్నాయి. నోటుబుక్కు గురించి రెండు పేజీలు రాశారు. ఏ బొమ్మ మూసిందో, ఏ ఇంకుతో రాసిందో కూడా మీకు గుర్తుంది. ఎవరు నేర్చుకున్నారో మీకు ఈపాటికే తెలుసు. తెలియనిదల్లా దాన్ని నలుగురి ముందు ఎలా నిలబెట్టాలన్నది. అది చిన్న విషయమేం కాదు, మీ నిద్ర చెడడంలో ఆశ్చర్యమూ లేదు.

ముందు తేలిగ్గా తేలేది తేల్చుకుందాం. మీ స్నేహితుడి ఫైలు మీద తీర్పు చెప్పే చోట మీరు కూర్చోకూడదు. ఆయనకు ఇస్తే స్నేహం కోసం ఇచ్చారంటారు, ఇవ్వకపోతే స్నేహం దాచుకోవడానికి ఇవ్వలేదంటారు. రెండూ ఆయనకు అన్యాయమే. మిగతా ఇద్దరితో ‘ఈయన నాకు ఆప్తుడు, ఈయన విషయంలో నేను మార్కులు వేయను’ అని చెప్పి, మినిట్స్ పుస్తకంలో రాయించండి. మీ స్థానంలో బయటి కాంప్లెక్స్ నుంచి ఒకరిని, వీలైతే ఒక మహిళా ప్రధానోపాధ్యాయురాలిని పిలవండి. జాతీయ ఉపాధ్యాయ అవార్డుకు 2018 నుంచి టీచర్లే స్వయంగా ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టుకుంటున్నారు, జిల్లా, రాష్ట్రం, జాతీయ స్థాయి అని మూడు మెట్లలో వేర్వేరు కమిటీలు చూస్తున్నాయి. ఒక్క మనిషి ఇష్టాయిష్టాల మీద నడవకూడదనే ఇన్ని మెట్లు. మీది పాతిక వేల బహుమతే కావచ్చు, మీ కాంప్లెక్స్‌లో మాత్రం దాని బరువు అంతకంత ఉంటుంది.

పనిలో పనిగా ఇంకోటి. ప్రభుత్వ టీచరు ప్రైవేటు వ్యక్తుల నుంచి నగదు తీసుకుంటున్నాడంటే 1964 నాటి ప్రభుత్వోద్యోగుల ప్రవర్తన నియమావళి గుర్తొస్తుంది. ఎవరికి ఇచ్చినా సరే, జిల్లా విద్యాశాఖాధికారి (డీఈఓ) ఆఫీసుకు ముందే ఒక లేఖ పెట్టి అనుమతి తీసుకోండి. సన్మానం చేసి తర్వాత సంజాయిషీ రాయించే పరిస్థితి తేవద్దు.

ఇక అసలు విషయం, సర్టిఫికెట్లు. వాటిని చులకన చేయను, మీరూ చేయకండి. 2020 జాతీయ విద్యా విధానం ప్రతి టీచరూ ఏడాదికి కనీసం 50 గంటలు వృత్తిపరమైన శిక్షణలో గడపాలని చెప్పింది. ఆ వాక్యంలోనే, టీచరు తన ఆసక్తిని బట్టి ఎంచుకోవాలని కూడా ఉంది. గంటలు లెక్కకు దొరుకుతాయి కాబట్టి అందరం గంటలనే పట్టుకున్నాం, ఆసక్తి వెనకబడిపోయింది. ఫోన్‌ను పోపులడబ్బాకు ఆనించి, సౌండు తగ్గించి, వీడియోను దాని మానాన దాన్ని ఆడనిస్తూ కూర తాలింపు వేసుకున్న టీచర్లు మీకూ తెలుసు, నాకూ తెలుసు. క్విజ్ జవాబులు రాత్రికే వాట్సాప్ గ్రూపులో వచ్చేస్తాయి. వాళ్లను తప్పు పట్టడానికి నాకు నోరు రాదు. పొద్దున బడి, మధ్యాహ్నం భోజనాల లెక్క, సాయంత్రం యాప్‌లో ఫొటోలు, ఆపైన కోర్సు. ఈ ఏడాది మీ కమిటీ సర్టిఫికెట్లు లెక్కపెట్టి అవార్డు ఇస్తే, వచ్చే ఏడాది ఆ తాలింపు వీడియోలు ఇంకో రెండింతలవుతాయి. బహుమతి దేనికి ఇస్తే జనం దాన్నే పెంచుతారు.

ఇదే తప్పు నేను చేశాను కాబట్టి చెబుతున్నాను. టీచర్ ట్రైనింగ్‌లో పాఠాలు చెప్పే రోజుల్లో ఒక బ్యాచ్‌లో ‘ఉత్తమ శిక్షణార్థి’ని ఎంచే పని నాకిచ్చారు. రికార్డులు అద్దంలా రాసి, చార్టులు ముత్యాల్లా దిద్దిన అమ్మాయికి ఇచ్చాను. నాలుగేళ్లకు ఆ అమ్మాయి పనిచేసే బడికి వెళ్లాల్సొచ్చింది. ఆ చార్టులన్నీ బీరువా మీద, న్యూస్ పేపరులో చుట్టి, పైన రబ్బరు బ్యాండు వేసి ఉన్నాయి. అంచులు ఎలుకలు కొరికాయి. ఒక్కటీ గోడెక్కలేదు. తప్పు ఆ అమ్మాయిది అనుకోలేదు. చార్టు అందంగా ఉంటే మెచ్చుకున్నాను గానీ, దాంతో పిల్లలు ఏం చేశారని రెండేళ్లలో ఒక్కసారి కూడా అడగలేదు నేను. నేను అడిగిందే ఆమె ఇచ్చింది.

ఇప్పుడు ఆ నోటుబుక్కు చూడండి. ప్రశ్న అడిగి ఐదు లెక్కపెట్టాలని ఆవిడ తనంతట తాను కనిపెట్టుకుంది. మేరీ బడ్ రో అనే అమెరికన్ విద్యావేత్త తరగతి గదుల టేపులు విని చెప్పింది సరిగ్గా ఇదే. ప్రశ్న వేసిన టీచరు జవాబు కోసం సాధారణంగా ఒక సెకను మించి ఆగడం లేదని, మూడు సెకన్లు ఆగగలిగితే పిల్లల జవాబులు పొడవవుతాయని, ఎప్పుడూ నోరు తెరవని పిల్లలు కూడా మాట్లాడతారని 1970లలో ఆమె రాశారు. మన టీచరమ్మ ఆ పేరు విని ఉండకపోవచ్చు. ఆర్టీసీ బస్సులో కిటికీ పక్కన కూర్చుని, ఇయర్‌ఫోన్ పెట్టుకుని, తన గొంతును తనే వినడానికి ఎంత గుండె నిబ్బరం కావాలో ఆలోచించండి. సొంత పాఠం రికార్డు చేసి వినమని నేను చాలామందికి చెప్పాను. విన్నవాళ్లు తక్కువ. రెండోసారి విన్నవాళ్లు ఇంకా తక్కువ.

ఆ శనివారం వరండా నన్ను ఇంకా కదిలించింది. చుట్టుపక్కల బళ్లు ఒకదానికొకటి తోడుండాలన్న స్కూల్ కాంప్లెక్స్ ఆలోచన 1964-66 నాటి కొఠారీ కమిషన్‌ది. తర్వాత ఉమ్మడి రాష్ట్రంలో బ్రిటన్ సాయంతో ఏపీపెప్ అనే ప్రాథమిక విద్యా పథకం నడిచినప్పుడు టీచర్ సెంటర్లు వచ్చాయి. ఒకరు పాఠం చెప్పి చూపిస్తే మిగతావాళ్లు కూర్చుని చూసి, ‘ఇది నా బడిలో కుదరదు, ఎందుకంటే’ అని వాదించుకునేవారు. బాగా నడిచిన చోట అంతకు మించిన శిక్షణ నేను చూడలేదు. రానురాను చాలాచోట్ల అవి సర్క్యులర్లు చదివి, సంతకాలు పెట్టి, టీ తాగి వచ్చే సమావేశాలయ్యాయి. మీ కాంప్లెక్స్ ఎలా నడుస్తోందో మీరు రాయలేదు. కానీ ఐదుగురు టీచర్లు అక్కడ దొరకనిది ఇంకో చోట, సెలవు పూట, సొంత బస్సు చార్జీలతో వెతుక్కుంటున్నారంటే కాంప్లెక్స్ అధిపతిగా మీరు ఒకసారి ఆలోచించాలి.

మన జిల్లా వాళ్లం ఒక సంగతి మరిచిపోకూడదు. అక్షర దీపం అనే అక్షరాస్యతా కార్యక్రమం రాత్రి బడుల్లో చదువుకున్న దూబగుంట ఆడవాళ్లు పాఠం అప్పజెప్పి ఊరుకోలేదు, సారా దుకాణం ముందుకెళ్లి నిలబడ్డారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చేదాకా అది ఆగలేదు. చదువు ఒంటబట్టిందా లేదా అన్నది ఆ తర్వాత మనిషి ఏం చేసిందో చూస్తే తెలుస్తుంది. టీచరు చదువుకైనా ఇదే కొలత.

అయితే కమిటీకి ఇలా చెబితే సరిపోదు, కాగితం మీద పెట్టాలి. అందరికీ ఒకేలా మూడు సంగతులు అడగండి. ఈ రెండేళ్లలో మీకు రానిదేదో గుర్తించి నేర్చుకున్నది ఒకటి చెప్పండి. దాంతో మీ తరగతిలో ఏం మారిందో చూపించండి. మీ వల్ల ఇంకెవరైనా టీచరు నేర్చుకున్నారా? రెండో దానికి ఆధారం పిల్లల నోటుబుక్కుల్లో ఉంటుంది. జూన్ నెల పేజీ, ఫిబ్రవరి పేజీ పక్కపక్కన పెడితే చాలు. కమిటీలో ఇద్దరు కలిసి వెళ్లి ఒక్కో తరగతిలో పూర్తి పీరియడు కూర్చోవాలి. ఇద్దరూ విడివిడిగా రాయాలి. సర్టిఫికెట్లను మొదటి ప్రశ్నకు ఆధారంగా చూపవచ్చు, తప్పకుండా. వంద ఉన్నా ఒకటి ఉన్నా ఆ జవాబుకు పడే మార్కులు అవే.

ఈ ప్రశ్నలు మీ స్నేహితుడినీ అడగండి, మనస్ఫూర్తిగా అడగండి. ఎందుకంటే మీ ఉత్తరంలో ఓ మూల మీరే ఒక మాట రాసి వదిలేశారు. 2020లో శిక్షణలన్నీ ఆన్‌లైన్‌కు మారినప్పుడు, లాగిన్ కావడం కూడా రాని సీనియర్ టీచర్లకు ఆయన రాత్రి పదింటిదాకా ఫోన్లో ఓపిగ్గా చెప్పేవారట. ఒక పెద్దాయన ఇంటికి స్కూటర్ మీద వెళ్లి మరీ చూపించి వచ్చారట. ఆయన చేసినవాటిలో నా దృష్టిలో అన్నిటికన్నా గొప్పది ఇదే. ఆ నూట నలభై కాగితాల్లో దీనికి ఒక్క కాగితమూ లేదు. ఆయనకు కూడా అది లెక్కలోకి వస్తుందని తోచలేదు. టీచర్లకు మనం నేర్పిన లెక్క అలాంటిది.

ఇప్పుడు మీ ముందున్న దారులు. ఈసారికి మీ స్నేహితుడికి ఇచ్చేయడం ఒకటి. గొడవ ఉండదు, ఫైలు చూపిస్తే ఎవరూ మాట్లాడరు. స్నేహం నిలుస్తుందని మీరు అనుకుంటారు గానీ, ఆ నోటుబుక్కు చదివిన మీకు ఆయన మెడలో దండ వేసేటప్పుడు చేయి వణుకుతుంది. ఆయన అది గమనిస్తాడు. ముప్పై ఏళ్ల స్నేహితుడు గమనించకుండా ఉండడు.

ఆవిడకే ఇవ్వడం రెండోది. న్యాయమే. కానీ నియమాలు ముందు ప్రకటించకుండా ఇస్తే, ఫైళ్లు తెచ్చినవాళ్లంతా ‘మాకు చెప్పలేదే’ అంటారు, ఆ మాటలో నిజం ఉంది. ఆ కోపం మీ మీద కంటే ఆవిడ మీద ఎక్కువ పడుతుంది. ఏకోపాధ్యాయ బడిలో ఒక్కతే ఉన్న మనిషికి మండలంలో నలుగురి సాయం కావాలి. సెలవు పెట్టాలంటే కూడా పక్క బడి నుంచి ఒకరు రావాలి కదా.

శనివారం బృందానికి, ఐదుగురికీ ఆవిడకూ కలిపి ఇవ్వడం ఇంకోటి. నా మనసు ఇటే మొగ్గుతోంది. నేర్చుకోవడం ఒంటరిగా జరగలేదని, కలిసి కూర్చుంటే జరిగిందని అందరికీ తెలుస్తుంది. ఆవిడ భయపడిన విరోధమూ రాదు. కానీ ఒక హెచ్చరిక. ఆడవాళ్లు మొదలుపెట్టిన పనికి ‘అందరం కలిసి చేశాం’ అన్న పేరు వచ్చాక, మొదలుపెట్టిన మనిషి పేరు రెండేళ్లలో మాయమైపోతుంది. మూడో ఏడాది స్టేజీ మీద ఇంకెవరో మాట్లాడుతుంటారు. బృందానికి ఇచ్చినా ప్రశంసాపత్రంలో ఇది ఏ బడి వరండాలో, ఏ ఏడాది, ఎవరి నోటుబుక్కుతో మొదలైందో రెండు వాక్యాలు స్పష్టంగా రాయండి.

ఈ ఏడాది అవార్డు ఆపి, నియమాలు మాత్రం ప్రకటించి, వచ్చే సెప్టెంబరుకు ఇవ్వడం కూడా ఉంది. పూర్వ విద్యార్థులు కాస్త నిరాశపడతారు. మీరు తప్పించుకున్నారని కొందరంటారు. కానీ రెండు వారాల్లో తరగతులు చూసి, ఇద్దరు రాసి, అనుమతి తెచ్చుకోవడం అయ్యే పనేనా? కాదనిపిస్తే ఇదే నిజాయితీ గల దారి. ఏడాది పొడవునా టీచర్లు ఆ మూడు ప్రశ్నలు మనసులో పెట్టుకుని పనిచేస్తే, అవార్డు ఇవ్వకముందే దాని పని అది చేసినట్టే.

ఆవిడ ‘వద్దు’ అన్నదాన్ని మాత్రం మర్యాదకు అన్న మాటగా కొట్టిపారేయకండి. అలాగని అక్కడితో వదిలేయనూ వద్దు. ఆవిడ అవార్డు వద్దనలేదు, అవార్డు వల్ల ఏం పోతుందో చెప్పింది. మహిళా సభ్యురాలిని వెంటబెట్టుకుని, బడి వేళల్లోనే వెళ్లి, ‘ఎలా ఇస్తే మీ శనివారం చెడకుండా ఉంటుంది?’ అని అడగండి. డబ్బు బృందానికి, పేరు మాత్రం చెప్పవద్దు అంటుందేమో. పిల్లల కథల పుస్తకాలు కొనిపెట్టమంటుందేమో. అప్పటికీ వద్దంటే వద్దే. నోటుబుక్కు సంగతి నలుగురికీ చెప్పాలన్నా ముందు అనుమతి అడగండి. అందులో ఆవిడ తన తప్పులు రాసుకుంది. స్టేజీ మీద ఇంకొకరు చదివి వినిపిస్తే, రేపు ఆ పేజీల్లో నిజం రాయడానికి ఆవిడ చేయి ఆడదు. అయితే దాన్ని జాగ్రత్తగా దాచుకోమని చెప్పండి. ఎప్పటికైనా జాతీయ అవార్డుకు దరఖాస్తు పెట్టాలనుకుంటే, చేసిన పనికి ఆధారాలు జతచేయాల్సి వస్తుంది. అంతకన్నా మంచి ఆధారం నేనైతే చూడలేదు.

నలుగురూ ఏమనుకుంటారో అన్న భయానికి మందు గోప్యత కాదు. నియమాలు, కమిటీ పేర్లు, తరగతి చూసిన తేదీలు ఒక కాగితం మీద టైప్ చేయించి కాంప్లెక్స్ నోటీసు బోర్డుకు అంటించండి. మీరు తప్పుకున్న సంగతీ అందులో ఉండాలి. యూనియన్ నాయకులను ముందే పిలిచి ఆ మూడు ప్రశ్నలు చూపించి, ‘నాలుగోది ఏదైనా చేర్చమంటారా?’ అని అడగండి. నిలదీసే అవకాశం ముందే ఇస్తే, సగం మంది సలహాదారులవుతారు.

ఇక మీ స్నేహితుడు. ఈ విషయం ఆయనకు నోటీసు బోర్డు చెప్పకూడదు, ఫోన్ చెప్పకూడదు, ఇంకో టీచరు అసలే చెప్పకూడదు. మీరే ఇంటికి వెళ్లండి. ఫలితం తేలాక కాదు, తేలకముందే. ‘నీ ఫైలు మీద నేను మార్కులు వేయనురా. మన స్నేహం నాకు అంతకంటే ఎక్కువ’ అని చెప్పండి. ఆ సీనియర్ల లాగిన్ కథ ఎత్తండి. దాన్ని రాసి ఇవ్వమనండి. సిగ్నల్ లేని బడులకు కోర్సులు డౌన్‌లోడ్ చేసి తీసుకెళ్లి చూపించే పని మీ కాంప్లెక్స్‌లో ఆయనకంటే బాగా ఎవరూ చేయలేరని నాకనిపిస్తోంది. ఆ వరండాకు ఆయనొక శనివారం వెళ్తే ఇద్దరికీ లాభమే. కానీ అదే రోజు ఆ మాట చెప్పకండి. ఓదార్పుగా పారేసిన పనిలా ఉంటుంది. ఆయన కోప్పడవచ్చు, కొన్నాళ్లు మాట్లాడకపోవచ్చు. ఇంట్లో వాళ్ల ముందు తలవంపులని ఆయన బాధపడితే ఆ బాధ నిజమైనదే, వాదించకండి. అర్ధరాత్రి కారు మాట్లాడి మీ నాన్నగారిని నెల్లూరు చేర్చిన రుణం ఒక జ్ఞాపికతో తీరేది కాదని ఆయనకూ తెలుసు.

వినాయక చవితి పనులు, బడి పరీక్షలు అంటూ వాయిదా వేస్తారేమో. ఈ ఆదివారమే వెళ్లండి. ఆ రెండు ఫైళ్లూ చేతిలో పట్టుకెళ్లండి. ఒక్కో కాగితం తిప్పుతూ, ‘ఇందులో నీకు బాగా నచ్చింది ఏదిరా?’ అని అడిగి, ఆయన చెప్పేది చివరిదాకా వినండి.